స్మార్ట్‌ఫోను బ్యాటరీ మార్పిడి

స్మార్ట్‌ఫోను బ్యాటరీ మార్పిడి అనగా శక్తి తగ్గిపోయిన, ఉబ్బిన లేదా పాడైపోయిన బ్యాటరీని తొలగించి, అదే ఫోనులో మరొక బ్యాటరీని అమర్చుట. ఫోను తెర, కెమెరా, ప్రాసెసరు వంటి భాగాలు దెబ్బ తగలకుండా ఉంటే అనేక సంవత్సరాలు పనిచేస్తాయి. బ్యాటరీ మాత్రం ఎంత జాగ్రత్తగా వాడినా అరిగిపోక తప్పదు. కనుక ఒక ఫోను ఎంతకాలం వాడుకలో ఉంటుందన్నది దాని బ్యాటరీని ఎంత సులభంగా, ఎంత తక్కువ ఖర్చుతో మార్చవచ్చు అనే విషయంపై ఆధారపడి ఉంటుంది.

ఒకప్పుడు ఫోను వెనుక మూతను గోటితో తీసి బ్యాటరీని మార్చుకొనేవారు. తరువాతి కాలంలో కంపెనీలు ఫోనును జిగురుతో మూసివేయడం వలన ఇది ప్రత్యేక పనిముట్లు అవసరమైన పనిగా మారినది. దీనికి ప్రతిస్పందనగా అనేక దేశాలలో "మరమ్మతు హక్కు" అనే భావన బలపడి, ఫోన్లను సులభంగా మరమ్మతు చేయగల విధంగా తయారు చేయాలని నిబంధనలు వచ్చాయి. నిజామాబాదు, బోధన్ వంటి పట్టణాలలో మరమ్మతు పని ఎక్కువగా చిన్న దుకాణాలపై ఆధారపడి ఉన్నందున ఈ నిబంధనలకు ఇక్కడ ప్రత్యేక ప్రాముఖ్యత కలదు.

బ్యాటరీ పనిచేయు విధానము

స్మార్ట్‌ఫోన్లలో లిథియం అయాను బ్యాటరీలను వాడతారు. వీటిని 1991లో సోనీ కంపెనీ మొదటిసారి విపణిలోకి తెచ్చింది. ఈ బ్యాటరీల రూపకల్పనకు గాను జాన్ గుడినఫ్, స్టాన్లీ విట్టింగ్‌హామ్, అకిరా యోషినో అను శాస్త్రవేత్తలకు 2019లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి లభించినది.

ఫోను బ్యాటరీలో ధనధ్రువము సాధారణంగా లిథియం కోబాల్టు ఆక్సైడుతోను, ఋణధ్రువము గ్రాఫైటుతోను తయారవుతాయి. ఛార్జింగు చేయునప్పుడు లిథియం అయానులు ధనధ్రువము నుండి గ్రాఫైటు పొరలలోకి చేరతాయి. ఫోను వాడునప్పుడు తిరిగి వెనుకకు వస్తాయి. ఈ రాకపోకలలో కొంత లిథియం గ్రాఫైటు పైన ఏర్పడే సన్నని పొరలో చిక్కుకొని ఇక పనికి రాకుండా పోతుంది. దీనినే వాడుకలో "బ్యాటరీ అరగడం" అంటారు. లోపల జరిగే అవాంఛిత రసాయనిక చర్యల వలన వాయువులు పుడితే బ్యాటరీ ఉబ్బుతుంది.

బ్యాటరీ ఆయుష్షును ఛార్జింగు ఆవృత్తులలో కొలుస్తారు. బ్యాటరీ సామర్థ్యానికి సమానమైన విద్యుత్తును వాడితే ఒక ఆవృత్తి అగును. ఉదాహరణకు ఈ రోజు సగము, రేపు సగము వాడితే రెండు రోజులకు కలిపి ఒక ఆవృత్తి. 5000 మిల్లీ ఆంపియర్-గంటల బ్యాటరీ 80 శాతానికి తగ్గినదంటే అందులో 4000 మాత్రమే నిలుస్తుందని అర్థము. 500 ఆవృత్తుల తరువాత 80 శాతం మిగిలే బ్యాటరీని రోజుకొక ఆవృత్తి చొప్పున వాడితే సుమారు 16 నెలలలో ఆ స్థితి వస్తుంది. 800 ఆవృత్తులు తట్టుకొనే బ్యాటరీకి సుమారు 26 నెలలు పడుతుంది.

వేడి బ్యాటరీకి ప్రధాన శత్రువు. ఆపిల్ కంపెనీ తన ఫోన్లను 0 నుండి 35 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రతలో వాడవలెనని సూచిస్తుంది. నిజామాబాదు జిల్లాలో వేసవి పగటి ఉష్ణోగ్రత 45 డిగ్రీల వరకు చేరే రోజులు ఉంటాయి. ఎండలో నిలిపిన వాహనంలో గాని, పొలం గట్టున గాని వదిలిన ఫోను ఇంకా ఎక్కువ వేడెక్కుతుంది. కావున శీతల దేశాలలో కంటే ఇక్కడ బ్యాటరీ త్వరగా అరుగుతుంది.

చరిత్ర

భారతదేశంలో 1995లో మొబైల్ సేవలు ప్రారంభమైన తరువాత, 2000 దశకంలో నోకియా ఫోన్లు విరివిగా వాడుకలోకి వచ్చాయి. 2003లో విడుదలైన నోకియా 1100తో సహా అనేక నమూనాలలో బి.ఎల్.-5సి అనే ఒకే రకం బ్యాటరీ ఉండేది. ఒక ఫోను బ్యాటరీ మరొక ఫోనుకు సరిపోయేది. కిరాణా దుకాణంలో సైతం దొరికే ఈ బ్యాటరీని చదువు రానివారు కూడా మార్చుకోగలిగేవారు.

2007 ఆగస్టులో ఈ బ్యాటరీ ప్రపంచవ్యాప్తంగా వార్తలకెక్కింది. 2005 డిసెంబరు, 2006 నవంబరు మధ్య మత్సుషితా కంపెనీ తయారు చేసిన 4 కోట్ల 60 లక్షల బి.ఎల్.-5సి బ్యాటరీలు ఛార్జింగు సమయంలో మితిమీరి వేడెక్కవచ్చునని నోకియా హెచ్చరించినది. భారతదేశంలో నోకియా సేవాకేంద్రాల వద్ద జనం బారులు తీరారు. అయితే ఎవరూ ఫోనును వదులుకోవలసిన అవసరం కలుగలేదు. బ్యాటరీపై ఉన్న 26 అక్షరాల గుర్తింపు సంఖ్యను సరిచూసుకొని బ్యాటరీ ఒక్కటే మార్చుకుంటే సరిపోయినది.

అదే సంవత్సరం విడుదలైన ఐఫోనులో బ్యాటరీని వాడుకరి తీయలేని విధంగా లోపల అమర్చారు. తరువాతి దశాబ్దంలో మిగిలిన కంపెనీలు కూడా క్రమంగా ఇదే మార్గం పట్టాయి. ఈ మార్పు యొక్క పర్యవసానం 2016లో తెలియవచ్చినది. శాంసంగ్ గెలాక్సీ నోట్ 7 బ్యాటరీలలో మంటలు వచ్చినందున ఆ కంపెనీ సెప్టెంబరులో సుమారు 25 లక్షల ఫోన్లను వెనక్కి పిలిచింది. మార్చి ఇచ్చిన ఫోన్లలోనూ అదే సమస్య రావడంతో అక్టోబరులో ఉత్పత్తిని పూర్తిగా నిలిపివేసింది. నోకియా విషయంలో బ్యాటరీని మార్చితే తీరిన సమస్యకు ఇక్కడ ఫోను మొత్తాన్ని వెనక్కి తీసుకోవలసి వచ్చినది.

2017 డిసెంబరులో ఆపిల్ కంపెనీ, బ్యాటరీ అరిగిన కొన్ని ఐఫోన్ల వేగాన్ని సాఫ్ట్‌వేరు ద్వారా తగ్గిస్తున్నట్లు అంగీకరించినది. ఫోను హఠాత్తుగా ఆగిపోకుండా ఉండుటకే ఇలా చేశామని వివరించింది. విమర్శల పిమ్మట బ్యాటరీ మార్పిడి ధరను భారతదేశంలో 6,500 రూపాయల నుండి 2,000 రూపాయలకు (పన్నులు అదనం) 2018 సంవత్సరానికి తగ్గించినది. ఈ విషయమై 2020లో ఫ్రాన్సు ప్రభుత్వ సంస్థ ఆపిల్‌కు 2.5 కోట్ల యూరోల జరిమానా విధించింది. ఫోను నెమ్మదించినదని కొత్తది కొన్నవారిలో కొందరికి నిజానికి కొత్త బ్యాటరీ చాలునన్న విషయం ఈ సంఘటనతో లోకానికి తెలిసినది.

మార్పిడి విధానము

జిగురుతో మూసిన ఫోనులో బ్యాటరీని మార్చుటకు సాధారణంగా ఈ క్రమాన్ని పాటిస్తారు.

1. ఫోనులోని ఛార్జింగు 25 శాతం కంటే తగ్గే వరకు వాడి, ఆపివేస్తారు. ఛార్జింగు తక్కువగా ఉన్న బ్యాటరీకి పొరపాటున గుచ్చుకున్నా మంట తీవ్రత తక్కువగా ఉంటుంది.
2. వెనుక పలక లేదా తెర అంచులను వేడి చేసి జిగురును మెత్తబరుస్తారు. పలుచని ప్లాస్టిక్ పనిముట్టుతో పలకను విడదీస్తారు.
3. మరలను విప్పి, మొదట బ్యాటరీ కనెక్టరును ఊడదీస్తారు. ఇది చేయకుండా ఇతర భాగాలను ముట్టుకుంటే షార్ట్ సర్క్యూట్ జరుగవచ్చు.
4. బ్యాటరీని పట్టి ఉంచిన జిగురు పట్టీని నెమ్మదిగా లాగి గాని, ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో కరిగించి గాని బ్యాటరీని తీస్తారు. లోహపు పనిముట్టుతో పెకలించడం ప్రమాదకరము.
5. కొత్త బ్యాటరీని అమర్చి, మూయుటకు ముందే ఫోనును పరీక్షించి, కొత్త జిగురుతో అతికిస్తారు.

ఒకసారి విప్పిన ఫోనుకు నీటిని తట్టుకొనే గుణం తగ్గవచ్చు. ఉబ్బిన బ్యాటరీని నొక్కరాదు, గుచ్చరాదు, తిరిగి ఛార్జింగు పెట్టరాదు. అటువంటి ఫోనును వెంటనే ఆపివేసి, మండే వస్తువులకు దూరంగా ఉంచి, నిపుణునికి అప్పగించవలెను.

కొన్ని ఫోన్లలో మరొక ఆటంకం కలదు. బ్యాటరీలోని చిప్పుకు, ఫోనులోని ప్రధాన బోర్డుకు సాఫ్ట్‌వేరు ద్వారా జత కుదుర్చుతారు. బయట మార్చిన బ్యాటరీ మంచిదైనప్పటికీ ఫోను దానిని గుర్తించలేదని సందేశం చూపుతుంది, లేదా బ్యాటరీ ఆరోగ్యం వివరాలను చూపదు.

నిజామాబాదు, బోధన్ ప్రాంతంలో

నిజామాబాదు పట్టణం హైదరాబాదుకు సుమారు 175 కిలోమీటర్ల దూరంలో ఉన్నది. అక్కడి నుండి సుమారు 25 కిలోమీటర్ల దూరంలోని బోధన్, నిజాం చక్కెర కర్మాగారం వలన ప్రసిద్ధి చెందినది. 1937లో స్థాపించబడిన ఆ కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడినది. చెరకు, వరి, పసుపు పండించే రైతులు, బీడీ కార్మికులు, గల్ఫ్ దేశాలకు వలస వెళ్ళినవారి కుటుంబాలు ఈ ప్రాంత జనాభాలో గణనీయంగా ఉన్నారు.

వీరందరికీ ఫోను నిత్యావసర వస్తువు. బ్యాంకు లావాదేవీలకు వచ్చే ఓటీపీ, 2016లో మొదలైన యూపీఐ చెల్లింపులు, ఈ-నామ్ తో అనుసంధానమైన నిజామాబాదు మార్కెట్ యార్డులో పసుపు ధరల సమాచారం, దుబాయి లేదా మస్కట్‌లో ఉన్న కుటుంబ సభ్యునితో వీడియో సంభాషణ, ఇవన్నీ ఒకే ఫోనుపై ఆధారపడి ఉంటాయి. చాలా ఇళ్ళలో ఒకే స్మార్ట్‌ఫోనును అందరూ వాడుకుంటారు. కనుక బ్యాటరీ కోసం ఫోనును కొన్ని రోజులు సేవాకేంద్రంలో వదలివేయుట అంటే ఈ పనులన్నీ ఆగిపోవుట.

అన్ని బ్రాండ్లకూ జిల్లా పట్టణాలలో అధీకృత సేవాకేంద్రాలు ఉండవు. అందువలన బ్యాటరీ మార్పిడి సాధారణంగా స్థానిక మరమ్మతు దుకాణాలలోనే జరుగుతుంది. హైదరాబాదులో ఆబిడ్స్ లోని జగదీష్ మార్కెట్, కోఠీలోని గుజరాతీ గల్లీ ఫోన్ల విడిభాగాలకు, ఉపకరణాలకు పేరు పొందిన వ్యాపార కేంద్రాలు. మరమ్మతుదారు నైపుణ్యం ఎంత ఉన్నప్పటికీ, కంపెనీ అసలైన బ్యాటరీని బయటివారికి అమ్మకపోతే అతనికి దొరికేది నకలు బ్యాటరీ మాత్రమే. అది విఫలమైతే నింద మరమ్మతుదారుపై పడుతుంది, నష్టం వాడుకరికి మిగులుతుంది.

గల్ఫ్ దేశాల నుండి తెచ్చిన ఫోన్లది మరొక సమస్య. అనేక కంపెనీల వారంటీ కొన్న దేశానికే పరిమితమై ఉంటుంది. అటువంటి ఫోను బ్యాటరీ పాడైతే స్థానిక దుకాణమే శరణ్యము.

ఫోన్ల మరమ్మతు ఈ ప్రాంత యువతకు ఒక ఉపాధి మార్గం కూడా. గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు దేశవ్యాప్తంగా నేర్పే వృత్తులలో సెల్‌ఫోను మరమ్మతు ఒకటి. ఫోన్లు విప్పరాని విధంగా తయారైతే ఈ వృత్తికి భవిష్యత్తు ఉండదు. విడిభాగాలు, మరమ్మతు పుస్తకాలు అందరికీ లభ్యమైతే ఇదే వృత్తి నమ్మకమైన జీవనాధారము కాగలదు.

విదేశాలలో నిబంధనలు

ఈ విషయంలో ఐరోపా సమాఖ్య అన్నిటికంటే విస్తృతమైన నియమాలు చేసినది.

* బ్యాటరీ నియంత్రణ (2023/1542): 2023 ఆగస్టు 17న అమలులోకి వచ్చినది. చిన్న పరికరాలలోని బ్యాటరీలను వాడుకరి స్వయంగా తీసి మార్చుకొనగలిగేలా ఉండాలన్న నిబంధన 2027 ఫిబ్రవరి 18 నుండి వర్తించేలా నిర్దేశించారు. బ్యాటరీ తీయుటకు వేడి గాని, ద్రావణులు గాని అవసరం కాకూడదు. ప్రత్యేక పనిముట్టు అవసరమైతే దానిని ఉచితంగా ఇవ్వవలెను. ఆ నమూనా అమ్మకం ఆగిన తరువాత కూడా 5 సంవత్సరాలు బ్యాటరీ దొరకవలెను. సాఫ్ట్‌వేరుతో మార్పిడిని అడ్డుకొనరాదు.
* స్మార్ట్‌ఫోన్లు, టాబ్లెట్ల రూపకల్పన నిబంధనలు (2023/1670): 2025 జూన్ 20 నుండి అమలులో ఉన్నాయి. బ్యాటరీ 800 ఆవృత్తుల తరువాత కూడా 80 శాతం సామర్థ్యం నిలుపుకోవలెను. విడిభాగాలు అమ్మకం ఆగిన తరువాత 7 సంవత్సరాలు లభించవలెను. వీటితో పాటే వర్తించే మరొక నియంత్రణ ప్రకారం ఫోనుకు ఎ నుండి ఇ వరకు మరమ్మతు శ్రేణిని తెలిపే చీటీ ఉండవలెను. బ్యాటరీ 1000 ఆవృత్తుల తరువాత 80 శాతం నిలుపుకొని, ఫోను దుమ్మును, నీటిని తట్టుకొనేదైతే, సామాన్య వాడుకరే బ్యాటరీ మార్చగలిగేలా ఉండాలన్న షరతు నుండి ఈ నిబంధనలలో సడలింపు కలదు.
* మరమ్మతు ప్రోత్సాహక నిర్దేశము (2024/1799): దీనిని సభ్యదేశాలు 2026 జూలై 31 నుండి అమలు చేయవలెనని గడువు విధించారు.

అంతకు ముందే ఫ్రాన్సు దేశం 2021 జనవరి 1 నుండి స్మార్ట్‌ఫోన్లతో సహా కొన్ని వస్తువులపై 10 మార్కులకు మరమ్మతు సూచికను ముద్రించుట తప్పనిసరి చేసినది. అమెరికాలో న్యూయార్కు చట్టం 2023 డిసెంబరులోను, కాలిఫోర్నియా చట్టం 2024 జూలై 1న అమలులోకి వచ్చాయి. ఆరిగన్ రాష్ట్రం 2024లో చేసిన చట్టం, విడిభాగాలను సాఫ్ట్‌వేరుతో జతచేసి మరమ్మతును అడ్డుకొనుటను నిషేధించినది.

భారతదేశంలో

విడిభాగాలను బయట అమ్మకుండా ఉంచుకొనుట తప్పని భారతదేశంలో తేల్చిన ముఖ్యమైన తీర్పు కార్లకు సంబంధించినది. 2014 ఆగస్టులో భారత పోటీ కమిషన్ 14 కార్ల కంపెనీలకు మొత్తం సుమారు 2,545 కోట్ల రూపాయల జరిమానా విధించినది. స్వతంత్ర మెకానిక్కులకు విడిభాగాలు, సాంకేతిక సమాచారం అందకుండా చేసినందుకు ఈ చర్య తీసుకున్నారు.

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జూలైలో మరమ్మతు హక్కు పై ఒక సంఘాన్ని నియమించినది. వ్యవసాయ పరికరాలు, మొబైల్ ఫోన్లు మరియు టాబ్లెట్లు, గృహోపకరణాలు, వాహనాలు అను నాలుగు రంగాలను ఎంచుకున్నారు. అదే ఏడాది డిసెంబరు 24న, జాతీయ వినియోగదారుల దినోత్సవం నాడు, కంపెనీల మరమ్మతు సమాచారాన్ని ఒకచోట చేర్చే పోర్టల్‌ను ప్రారంభించారు. 2024 సెప్టెంబరులో మరొక సంఘాన్ని ఏర్పరచగా, అది 2025 మేలో మరమ్మతు సూచికపై నివేదిక సమర్పించినది. ఫోనును విప్పుట ఎంత సులభము, మరమ్మతు సమాచారం, విడిభాగాల లభ్యత, వాటి ధర, పనిముట్లు మరియు మరలు, సాఫ్ట్‌వేరు నవీకరణలు అను అంశాల ఆధారంగా 5 మార్కుల సూచికను ఆ నివేదిక ప్రతిపాదించినది. ఇది సిఫారసు కనుక, ఫ్రాన్సు చట్టం వలె దానంతట అది కంపెనీలను బద్ధులను చేయదు.

బ్యాటరీల భద్రతకు భారత ప్రమాణాల సంస్థ ఐ.ఎస్. 16046 అను ప్రమాణాన్ని నిర్ణయించినది. ఫోన్ల బ్యాటరీలకు ఈ సంస్థ వద్ద నమోదు తప్పనిసరి. నమోదైన బ్యాటరీపై ప్రమాణ చిహ్నముతో పాటు "ఆర్" అక్షరంతో మొదలయ్యే సంఖ్య ఉంటుంది. దీనిని బి.ఐ.ఎస్. కేర్ అనే ఆప్‌లో సరిచూసుకొనవచ్చును.

తెలుగు ప్రాంతంలో ఫోన్ల తయారీ 2015లో ఆంధ్ర ప్రదేశ్ లోని శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ సంస్థ షావోమీ ఫోన్లను కూర్చుటతో వేగం పుంజుకున్నది. బ్యాటరీలోని ఘటాలకు మాత్రం దేశం ఎక్కువగా దిగుమతులపై ఆధారపడినది. 2022 సెప్టెంబరులో తిరుపతిలో మునోత్ ఇండస్ట్రీస్ 165 కోట్ల రూపాయలతో నెలకొల్పిన లిథియం ఘటాల కర్మాగారంలో ప్రయోగాత్మక ఉత్పత్తి మొదలైనది. హైదరాబాదులోని అంతర్జాతీయ అధునాతన పౌడర్ మెటలర్జీ పరిశోధన సంస్థ కూడా లిథియం బ్యాటరీలపై పరిశోధన చేస్తున్నది.

వాదనలు, ప్రతివాదనలు

మూసిన ఫోను పలుచగా ఉంటుందని, నీరు చొరబడదని, నాసిరకం బ్యాటరీల వలన ప్రమాదాలు జరగకుండా ఉంటాయని కంపెనీలు చెబుతాయి. ఈ వాదనలలో కొంత నిజం ఉన్నది. అనుభవం లేనివారు బ్యాటరీని పెకలించునప్పుడు మంటలు రావడం అసాధ్యము కాదు.

అయితే 2014లో వచ్చిన శాంసంగ్ గెలాక్సీ ఎస్5 వెనుక మూత తీయగలిగినదై ఉండి కూడా నీటిని తట్టుకొనేది. 2024లో వచ్చిన ఐఫోన్ 16లో, తక్కువ వోల్టేజి విద్యుత్తు ప్రసరింపజేస్తే పట్టు వదిలే జిగురును వాడారు. ఈ రెండు ఉదాహరణలను బట్టి మన్నికకు, మరమ్మతుకు పొత్తు కుదరదని చెప్పలేము. నాసిరకం బ్యాటరీల బెడద కూడా అసలైనవి బయట దొరకనందువలన పెరుగుతుందే గాని తగ్గదని మరమ్మతు హక్కును కోరేవారి వాదన.

పాత బ్యాటరీల పారవేత

తీసివేసిన బ్యాటరీని ఇంటి చెత్తలో వేయరాదు. చెత్త బండిలో నలిగితే మంటలు రావచ్చును. అందులోని కోబాల్టు, లిథియం, రాగి తిరిగి వాడదగినవి. 2022 ఆగస్టులో వెలువడిన బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం పాత బ్యాటరీల సేకరణ, పునశ్శుద్ధి బాధ్యత ఉత్పత్తిదారులదే. చిన్న బ్యాటరీల నుండి తిరిగి రాబట్టవలసిన పదార్థాన్ని 2024-25లో 70 శాతంగాను, 2025-26లో 80 శాతంగాను, 2026-27 నుండి 90 శాతంగాను నిర్ణయించారు. ఫోన్లకు వర్తించే ఈ-వ్యర్థాల నిర్వహణ నియమాలు 2022, 2023 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్నాయి. ఈ-వ్యర్థాల నుండి లోహాలను రాబట్టే పద్ధతులపై హైదరాబాదులోని సి-మెట్ సంస్థ పరిశోధన చేస్తున్నది.

వినియోగదారునికి ఉన్న మార్గాలు

బ్యాటరీ మార్పించునప్పుడు దాని నమూనా సంఖ్య, ధర, హామీ కాలం రాసిన రశీదు తీసుకొనవలెను. అధీకృత కేంద్రమైనా, స్థానిక దుకాణమైనా సేవాలోపం ఉంటే జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్య 1915కు ఫోను చేసి ఫిర్యాదు చేయవచ్చును.

అక్కడ పరిష్కారం కాకపోతే వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద జిల్లా కమిషన్‌ను ఆశ్రయించవచ్చును. ఈ చట్టం 2020 జూలై 20 నుండి అమలులోకి వచ్చినది. దీని ప్రకారం ఫిర్యాదుదారు తాను నివసించే లేదా పనిచేసే చోటనే ఫిర్యాదు దాఖలు చేయవచ్చును. ఫోను ముంబాయి కంపెనీదైనా, హైదరాబాదులో కొన్నదైనా, బోధన్ వాసి నిజామాబాదులోని జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయగలడు. వస్తువుకు చెల్లించిన ధర 5 లక్షల రూపాయలలోపు ఉంటే రుసుము లేదు. వివాదం తలెత్తిన 2 సంవత్సరాలలోగా ఫిర్యాదు దాఖలు చేయవలెను.

ఇవి కూడా చూడండి

* లిథియం అయాను బ్యాటరీ
* మరమ్మతు హక్కు
* ఎలక్ట్రానిక్ వ్యర్థాలు
* వినియోగదారుల రక్షణ చట్టం
* నిజామాబాదు
* బోధన్